కండక్టరు గారి మతిమరుపు

ఇల్లరికం వెళ్ళేవాడికి నోరు చిన్నదిగా, చెవులు పెద్దవిగా ఉండాలని చెప్పి పంపింది మా అమ్మ. నిజానికి నేను ఇల్లరికం వెళ్ళలేదు. పనిచేస్తున్న క్వారీ మూతపడింది, అద్దె ఇల్లు వదులుకోవాల్సి వచ్చింది, మళ్ళీ పని దొరికేదాకా అనుకుని మా ఆవిడ పుట్టింటికి చేరాం. కానీ అత్తారింట్లో పెట్టె దించినవాణ్ణి వీధి ఏమని పిలవాలో వీధికి తెలుసు, మన సంజాయిషీలతో దానికి పనిలేదు. నేను మట్టి తవ్వే ప్రొక్లెయిన్ మిషను నడిపేవాణ్ణి. ఆ ఎండాకాలం మొదట్లో తవ్వడానికి మట్టి లేక, మామయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు కాళ్ళు ముడుచుకుంటూ కాలం గడిపాను.

మామయ్య సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. వీధి వీధంతటికీ కండక్టరు గారు. ఆయన జ్ఞాపకశక్తి గురించి జనం కథలు చెప్పుకునేవారు. బస్సులో వేలు దూరే సందు లేకపోయినా ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరు ఎక్కడ దిగాలో ఆయనకు గుర్తుండేదట. కునుకు తీస్తున్నవాడి భుజం తట్టి, "లే నాయనా, నీ స్టాపొచ్చింది" అని లేపేవాడట. వీధిలో తగవు వస్తే ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఏ గోడ ఎప్పుడు లేచిందో, ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారో ఆయనకు కంఠతా వచ్చు.

మా వీధి వెనక పెద్ద పల్లం ఉండేది. వానాకాలం నీళ్ళు, ఎండాకాలం పిచ్చిమొక్కలు తప్ప అక్కడ ఏమీ ఉండేది కాదు. అందులో పేదవాళ్ళకు చౌకగా ఇళ్ళు కడతారని కబురొచ్చింది. నాలుగంతస్తుల బ్లాకులు, చిన్న చిన్న ఇళ్ళు. వీధి భగ్గుమంది. దుమ్మన్నారు, లారీలన్నారు, బావులెండిపోతాయన్నారు. రేకుల షెడ్లలో అద్దెకుండేవాళ్ళు వచ్చి మన పెరటి వెనక కాపురం పెడతారన్న మాట మాత్రం పైకి ఎవరూ అనలేదు. అందరి మొహాల్లో ఉన్నది మాత్రం అదే.

కంపెనీ తరఫున ఒక మేడం వచ్చింది. కట్టుబడి వల్ల చుట్టుపక్కల మనుషులకు, నీళ్ళకు, నేలకు హాని జరగకుండా చూడటం ఆవిడ ఉద్యోగం. సైటు పక్కన టెంటు వేయించి వీధిని పిలిచింది. మొదటి సభలో గంటసేపు దుమ్ము గురించే మాట్లాడింది కాబట్టి ఆవిడకు దుమ్ము మేడం అనే పేరు స్థిరపడిపోయింది.

"ఇబ్బందులేమీ రావని నేను చెప్పను. వస్తాయి. వస్తే ఎవరికి చెప్పాలో, మేమేం చెయ్యాలో ముందే మాట్లాడుకుందాం అంటున్నాను," అంది.

ఎవరూ కరగలేదు. అప్పుడు మామయ్య లేచాడు.

"బస్సు నిండిపోయిందని లోపలున్నవాళ్ళు అంటారు. ఎండలో స్టాపు దగ్గర నిలబడ్డవాణ్ణి అడిగితే కదా తెలిసేది! వాళ్ళూ మనుషులే, తలదాచుకోవాలిగా. కాస్త ముందుకు జరగండి, చోటదే దొరుకుతుంది."

జనం నవ్వారు. నవ్విన జనం సగం ఒప్పుకున్నట్టే. "మా గోడలకేమైనా అయితే?" అన్నాడెవరో వెనకనుంచి.

"ఈ వీధిలో ఏ ఇంటికి ఒక్క బీట పడినా వచ్చి నన్నడగండి. పూచీ నాది."

ఆ మాటతో సభ ముగిసింది. కొద్ది రోజులకు పల్లంలో పని మొదలైంది, ప్రొక్లెయిన్ మీద నన్ను పెట్టుకున్నారు. నాకోసం మామయ్య ఎవరినైనా అడిగాడో లేదో నాకు తెలియదు. వీధి మాత్రం తెలుసుననుకుంది. "పూచీ ఊరికే పడతారా!" అన్న మాట కొళాయి దగ్గరనుంచి అత్తయ్య బిందెతోపాటు మోసుకొచ్చింది. "అననివ్వండి. నలుగురూ నాలుగు రోజులు అంటారు," అని మూతి తిప్పింది. ఆ సాయంత్రం మాత్రం పక్కింటావిడకు వినబడేలా, "మా అల్లుడు పనిమీదనుంచి వచ్చాడు, కాస్త నీళ్ళు పెట్టవే!" అని మా ఆవిడను కేకేసింది.

మా ఎదురింట్లో దర్జీ ఉండేవాడు. మామయ్యకు ముప్పయ్యేళ్ళ స్నేహితుడు, ఒరే అంటే ఒరే అనుకునే చనువు. పిల్లల్లేరు. మా ఆవిడ ఆయన్ని బాబాయి అనీ ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేది. పిన్ని మామయ్యను నోరారా అన్నయ్యా అనేది. వాళ్ళ వెనక గది కిటికీ సరిగ్గా పల్లం వైపే ఉండేది. దర్జీ ఆ గదిలో మిషను తొక్కుతుంటే, మామయ్య వెనక గోడకు వీపు ఆన్చి కూర్చుని పేపరు పైకి చదివేవాడు. వార్తలకు మిషను చప్పుడు తాళం.

వీధి వైపు చివర లోతైన గొయ్యి తవ్వాల్సి వచ్చింది. కొంత దిగేసరికి నీళ్ళూరాయి. గొయ్యి ఆరితేగాని పునాది పడదు కాబట్టి పెద్ద పంపులు పెట్టి తోడటం మొదలుపెట్టారు. పనివాళ్ళందరినీ నిలబెట్టి మేడం ముందే ఒక మాట చెప్పింది: పంపులోంచి తేటనీళ్ళు వస్తున్నంతసేపూ ఫరవాలేదు, బురదనీళ్ళు వస్తే మాత్రం పక్క ఇళ్ళ కిందనుంచి ఇసుక కొట్టుకొస్తోందని అర్థం, వెంటనే నాకు చెప్పండి అని. ఒకరోజు గొట్టంలోంచి వచ్చే నీళ్ళు పాలు విరిగినట్టుగా కనిపించాయి. మిషను దిగి వెళ్ళి మేడంకు చెప్పాను. ఆవిడ వచ్చి గాజు సీసాలో పట్టింది. కాసేపటికి సీసా అడుగున ఇసుక పేరుకుంది. సీసా పట్టుకుని విసవిసా సైటు మేనేజరు గదిలోకి వెళ్ళింది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడం ఎరగని మనిషి. "వానలు నెత్తి మీదున్నాయి మేడం. ఇప్పుడు పంపులాపితే గొయ్యి చెరువవుతుంది. ఒక్క పక్షం ఓపిక పట్టండి," అనడం బయటికి వినిపించింది.

నేనే వెళ్ళి మేడంకు చెప్పానన్న సంగతి ఇంట్లో అనలేదు. నా ఉద్యోగం వచ్చినప్పటినుంచి అత్తయ్య నడకే మారిపోయింది. ఆ నడకకు అడ్డం పడబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే దర్జీ మామయ్యను గోడ దగ్గరికి పిలిచి చూపించాడు. కిటికీ మూలనుంచి పైకప్పుదాకా సన్నగా బీట. "మొన్న దారం దూరింది. ఇవాళ సూది దూరుతోంది చూడు," అని సూది గుచ్చి చూపించాడు. మామయ్య ఆ రోజు పేపరు చదవలేదు. కూర్చోకుండానే ఇంటికొచ్చేశాడు.

ఆ ఆదివారం మేడం మళ్ళీ టెంటు వేయించింది. వీధి అంతా వచ్చింది. సైటు వాళ్ళం ఒక పక్కగా నిలబడ్డాం. మేడం బురదనీళ్ళ సంగతి దాచకుండా చెప్పింది. మేనేజరు శాంతంగా లేచాడు.

"నీళ్ళకు బురద ఎన్నో రకాలుగా వస్తుందండీ. ఆ ఇల్లు పాతది. పాత ఇంటికి పాత బీటలుంటాయి."

"నా గోడ సంగతి నాకు తెలీదా?" అన్నాడు దర్జీ.

"మీ ఇల్లు కాబట్టి మీరలాగే అంటారు. తప్పు పట్టడం లేదు. ఆ గదిలోకి వచ్చిపోయే బయటివాళ్ళెవరైనా చెబితే ఒప్పుకుంటాం."

మేడం మొహం ఎర్రబడింది. "పని మొదలుపెట్టకముందే ప్రతి ఇల్లూ లోపలా బయటా ఫొటోలు తీయాలని నేను పట్టుబట్టాను. పై వరస తీశారు. ఈ వరస దగ్గరికి వచ్చేసరికి తొందరని ఆపేశారు. ఇక మిగిలింది మనుషుల మాటే. ఆ బీట ముందు లేదని తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే ఇవాళే పంపులాపిస్తాను. ఆ ఇంట్లోవాళ్ళకు వేరే చోటు చూపించే పూచీ కంపెనీదవుతుంది."

దర్జీ మొహం విప్పారింది. "ఇంకేం! మా కండక్టరు లేడూ? వాడికి గుర్తులేనిది ఈ వీధిలో ఏముంది? చెప్పరా."

తలకాయలన్నీ అటు తిరిగాయి. మామయ్య లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. తల తిప్పి ఒకసారి నా వైపు చూశాడు.

"గుర్తు లేదు," అన్నాడు.

మేడంకు అర్థం కాలేదు. "ఏది గుర్తు లేదండీ?"

"ఆ బీట ముందు ఉందో లేదో. ఉండే ఉంటుంది. సరిగ్గా గుర్తు రావడం లేదమ్మా."

"అల్లుడి మొహం చూశాక ఇంకేం గుర్తొస్తుందిలే!" అన్నారెవరో. పకపకమని నవ్వు. నేలను తవ్వడమే నా వృత్తి, ఆ రోజు మాత్రం నాకు దూరేటంత గొయ్యి ఎక్కడా కనబడలేదు.

వీధిలో మామయ్య మతిమరుపు మాట నమ్మినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. దర్జీ, ఆయన భార్య.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. పోట్లాడటానికే వచ్చారనుకుని అత్తయ్య కొంగు నడుముకు దోపుకుంది. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి గుసగుసగా, "వదినా, అన్నయ్యకి ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది? మాకు ఒక్క మాట చెప్పకూడదా?" అంది. అత్తయ్యకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక పొయ్యి వైపు తిరిగి గిన్నెలు సర్దింది.

బయట దర్జీ మామయ్య పక్కన కూర్చుని, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. "ఏం ఫరవాలేదురా. మా మేనమామకీ ఇలాగే వచ్చింది. బుర్రకు పని పెడుతూ ఉండాలి. నీ పాత రూటు ఉందిగా, మొదటి స్టాపునుంచి వరసగా చెప్పు, చూద్దాం."

ఆ రూటు మామయ్య నిద్రలో కూడా చెప్పగలడు. చిన్నప్పటినుంచి విని విని మా ఆవిడకూ వచ్చు. ఆయన మొదలుపెట్టాడు. సగం దూరం వెళ్ళాక ఆగాడు. మొహం కిందికి దించుకుని, "ఆ తర్వాతది... ఏదిరా?" అన్నాడు.

దర్జీ ఆ స్టాపు పేరు అందించాడు, ఆప్యాయంగా వీపు నిమిరాడు. మా ఆవిడ లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళేసరికి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. "నాన్నకేం కాలేదు కదూ?"

"కాలేదు."

"మీ ఉద్యోగం కోసమే కదూ?"

"బురదనీళ్ళ సంగతి మేడంకు చెప్పింది నేనే. ఉద్యోగం పోతే పోయిందనుకునే చెప్పాను," అన్నాను.

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పే సందు దొరకలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పకండి. ఉత్త పుణ్యానికి పరువు పోగొట్టుకున్నానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు."

అలా ఒక అబద్ధానికి ఇంటిల్లిపాదీ కాపలా కాశాం. పొద్దున్నే పిన్ని నానబెట్టిన బాదంపప్పు గిన్నెలో పెట్టి తెచ్చేది, మామయ్య తినేదాకా ఎదురుగా నిలబడేది. ఆయన అవి గులకరాళ్ళు మింగినట్టు మింగేవాడు. దర్జీ ఒకనాడు మామయ్య చొక్కాలన్నీ అడిగి పట్టుకుపోయాడు. గుండీలు సరిచేస్తాడేమో అనుకున్నాం. తెచ్చి ఇచ్చాక చూస్తే, ప్రతి చొక్కా జేబు లోపలివైపు తెల్లగుడ్డ ముక్క కుట్టి ఉంది, దానిమీద నల్లదారంతో మామయ్య పేరు, ఇంటి గుర్తులు. "పొరపాటున దారి తప్పితే చూసినవాళ్ళు తీసుకొస్తారు," అన్నాడు. కుట్టు ఎంత ముచ్చటగా ఉందంటే, పైనుంచి చూస్తే కనబడదు. మామయ్య ఆ చొక్కాలే వేసుకున్నాడు. వేసుకోకుండా ఎలా ఉంటాడు? వీధిలో మిగతావాళ్ళు ఆయన ఎదురైతే, "కండక్టరు గారూ, మేమెవరమో గుర్తున్నామా?" అని నవ్వుతూ పోయేవారు. పేపరు చదవడానికి ఎదురింటికి వెళ్ళడం మానేశాడు.

బీట వేలు పట్టేంత అయింది. మేడం తన చేతనైనంత చేసింది. పైవాళ్ళతో పోట్లాడి పంపుల్లో సగం ఆపించింది, గోడకు బయటనుంచి సర్వీ కర్రలు ఊతగా పెట్టించింది. వేరే ఇల్లు చూపించమంటే మాత్రం, తప్పు కంపెనీదని తేలనిదే కుదరదన్నారు. అప్పుడు మామయ్య తనే వెళ్ళి, "కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండండిరా," అని బతిమాలాడు.

దర్జీ జాలిగా చూశాడు. "మీ ఇంట్లో చోటెక్కడుందిరా? కూతురూ అల్లుడూ వచ్చి ఉన్నారు. అదీ మర్చిపోయావా?"

వెంట వెళ్ళిన నేను గుమ్మంలోనే ఉన్నాను. మేం పడుకునే గది ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క విడిగది.

మొదటి పెద్దవాన మధ్యాహ్నం పూట వచ్చింది. చినుకులు పడగానే పనివాళ్ళు షెడ్డు కిందికి పరిగెత్తారు. నేను మిషను వెనక్కి తీసుకుంటుండగా ఎదురుగా దర్జీ ఇంటి వెనక గోడ కదిలినట్టు కనిపించింది. వాన తెరలో నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. అంతలో ఊత కర్రలు బురదలోకి జారాయి, గోడ మోకాళ్ళ మీద కూలబడినట్టు లోపలికి కూలిపోయింది. దర్జీ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళాడు. పిన్ని కిటికీ రెక్క వేయడానికి ఆ గదిలోకి వచ్చింది.

నేను గట్టు మీదుగా మిషను అటు పోనిచ్చాను. పైకప్పు దూలం ఒకవైపు ఒరిగి ఆవిడ మీదికి దిగుతోంది. బకెట్టు దాని కిందికి చేర్చి ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి కదిపితే దూలం జారుతుంది కాబట్టి లీవరు వదలకుండా పట్టుకున్నాను. పనివాళ్ళు ఇటుకలు లాగి ఆవిడను బయటికి తీశారు. బతికింది. తుంటి ఎముక విరిగింది. మామయ్య వానలో తువ్వాలు కూడా లేకుండా రోడ్డు మధ్య నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయే బండిలో ఎక్కించేటప్పుడు చెయ్యి వేయబోతే ఎవరో పక్కకు నెట్టేశారు.

ఆస్పత్రినుంచి పిన్నిని తిన్నగా మా ఇంటికే తెచ్చాం. వెళ్ళడానికి వేరే ఇల్లు లేదు. మా గది ఖాళీ చేసి ఆవిడకు మంచం వేశాం, నేనూ మా ఆవిడా వసారాలోకి మారాం. అత్తయ్య ఆవిడకు తల దువ్వేది, ఒళ్ళు తుడిచేది, అవతలికి వెళ్ళి కళ్ళు ఒత్తుకునేది. పిన్ని మాత్రం మంచంలో ఉండి కూడా మామయ్య గురించే కనుక్కునేది.

"అన్నయ్యా, నన్ను గుర్తుపట్టావా?" అనేది ఆయన గుమ్మంలో కనబడగానే.

"పట్టానమ్మా."

"అంతే చాలు. నువ్వేం మనసులో పెట్టుకోకు. నీకు గుర్తుంటే చెప్పకుండా ఉండేవాడివా? నీ తప్పేముంది?"

మామయ్య పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకే వెళ్ళాను. "అల్లుడూ, మేడం మళ్ళీ సభ ఎప్పుడు పెడుతోంది?" అని అడిగాడు.

గోడ కూలాక కంపెనీ పెద్దలు దిగారు కాబట్టి ఆ వారమే పెట్టింది. వాన పడుతూనే ఉంది, టెంటు మీద నీళ్ళు గుంటలు కట్టాయి. మేడం మాట మొదలుపెట్టకముందే మామయ్య లేచాడు.

"నాకు మతిమరుపు లేదు. ఆ గోడకి బీట లేదు. రోజూ దానికే ఆనుకుని కూర్చున్నవాణ్ణి, నాకు తెలీకపోవడమేమిటి? ఆ రోజు అబద్ధం చెప్పాను. అల్లుడి ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు నిట్టూర్చారు కూడా. "పాపం, ఆడపిల్లనిచ్చుకున్నవాడు," అని ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు. కుర్చీలన్నీ తిరిగి నన్ను చూశాయి. మొదటి వరసలో దర్జీ మాత్రం ఎవరినీ చూడలేదు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, టెంటు అంచునుంచి కారే నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. సభ అయ్యాక లేచి నడిచాడు. ఎక్కడికి నడుస్తాడు? మా ఇంటికే.

పంపులన్నీ ఆ రోజే ఆగాయి. పని ఆగిపోయింది. ఇళ్ళ కింది ఇసుక జారకుండా వీధి పొడవునా భూమిలోకి ఇనప రేకులు దించాకే మళ్ళీ తవ్వాలన్నారు. వరసలో ప్రతి ఇంటి గోడలూ తట్టి చూశారు. దర్జీ గోడ కంపెనీయే కట్టించడం మొదలుపెట్టింది. మేనేజర్ని వేరే చోటుకు పంపేశారు. ఇదంతా ఒక్క మాటతో జరిగింది. ఆ మాట ముందే పడి ఉంటే ఎలా ఉండేదో వీధిలో ఎవరూ మా మొహం మీద అనలేదు, అనాల్సిన పనీ లేదు.

సభ మర్నాడు పొద్దున మామయ్య పిన్నికి టీ పట్టుకెళ్ళాడు. ఆవిడ తీసుకుని పక్కన పెట్టుకుంది.

"మతిమరుపే అయితే బాగుండేది అన్నయ్యా," అంది.

అంతకుమించి ఏ రోజూ ఏమీ అనలేదు. అదే మంచినీళ్ళ బిందె, అదే వంటిల్లు, అదే కప్పు కింద నెలన్నర గడిపాం. దర్జీ నాతో మాట్లాడేవాడు, అత్తయ్యతో మాట్లాడేవాడు. మామయ్య ఎదురైతే తలుపు దగ్గర పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. ముప్పయ్యేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకోవడం అదే మొదలట, అత్తయ్య చెప్పింది. వానలు తెరిపి ఇచ్చేసరికి కొత్త గోడ లేచింది. పిన్ని కర్ర సాయంతో నిలబడగలిగింది. ఒక పొద్దుటిపూట వాళ్ళు ఎదురింటికి వెళ్ళిపోయారు. నేనూ మా ఆవిడా ఆవిణ్ణి చెరోవైపూ పట్టుకుని రోడ్డు దాటించాం.

నాకు ఊరికి అవతలివైపు వేరే సైటులో పని దొరికింది. మేడమే అక్కడివాళ్ళకు చెప్పింది. దగ్గర్లో ఒక గది చూసుకున్నాం. సామాను కడుతున్న రోజు మామయ్య వసారాలోకి వచ్చి, నా పెట్టె మీద కూర్చున్నాడు.

ఇక దాచి ఏం లాభమనిపించింది. "మామయ్యా, నా కోసం మీరు అంత మాట పడ్డారు. అసలు బురదనీళ్ళ సంగతి మేడంకు చెప్పిందే నేను. ఉద్యోగం మీద ఆశ అప్పుడే వదులుకున్నాను. మీకు ముందే చెప్పాల్సింది," అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. అసలు విన్నట్టే లేడు.

"నీ ఉద్యోగం ఆ క్షణాన నా మనసులో లేనే లేదు అల్లుడూ."

"మరి?"

"పూచీ పడ్డవాణ్ణి నేను. ఒక్క బీట పడినా నన్నడగమన్నాను. ఆ సభలో వాడితో 'అవునురా, బీట కొత్తదే' అంటే, వీధంతా నన్నే అడుగుతుంది. కండక్టరు మాట తప్పిందంటుంది. అది వినాల్సి వస్తుందని... అంతే. అంతకంటే ఏమీ లేదు."

"నా వైపు చూశారు కదా?"

"నీ వైపు చూడలేదు. వాడి మొహం చూడలేక తల తిప్పాను. తిప్పినవైపు నువ్వున్నావు."

చేతిలో తాడు ముడి నేను మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నాను.

"చివరి సభలోనైనా ఉన్నదున్నట్టు చెప్పానా? అల్లుడి కోసం అంటే జనం కాస్త జాలిపడతారని తెలుసు. పడ్డారుగా! నీ నెత్తిన పెట్టేసి నేను కూర్చున్నాను." పెట్టె మీదనుంచి లేచాడు. "ఇది వాళ్ళకి చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం మామయ్యా?"

"లాభం సంగతి కాదులే."

చొక్కా వేసుకుని ఎదురింటికి బయల్దేరాడు. గోడ కూలినప్పటినుంచి ఆయన ఆ గడప తొక్కలేదు. మా ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడింది. దర్జీ తలుపు తీయడం, మామయ్య లోపలికి వెళ్ళడం చూశాం. ఎక్కువసేపు పట్టలేదు. ఆయన తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

మా ఆవిడ ఆగలేక, "ఏమన్నారు నాన్నా?" అని అడిగింది.

"ఏమీ అనలేదు. మొత్తం విన్నారు."

"పిన్ని కూడానా?"

"పిన్ని లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆ ఇంట్లో నాకెప్పుడూ ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదమ్మా. దాహమేస్తే నేనే వెళ్ళి కుండలోంచి ముంచుకుని తాగేవాణ్ణి. ఇవాళ గ్లాసు కింద సాసరు పెట్టి మరీ ఇచ్చింది."